కిడ్నీయేలే

విశాఖ నుంచి వచ్చే పాసింజరు కోటబొమ్మాళిలో ఆగి, మళ్లీ కదిలాక మోహిని అడిగింది.

"డాక్టరు ఏటన్నాడు మావా?"

విశాఖలో బండి ఎక్కినప్పటి నుంచీ అప్పలరాజుకు ఆ ప్రశ్నంటే భయంగానే ఉంది. శ్రీకాకుళం రోడ్డు దాటినా ఆమె నిద్రపోతూనే ఉంది. తిలారులో లేచి నీళ్లు తాగింది. అప్పుడూ అడగలేదు. ఇల్లు చేరేదాకా అడగకపోతే బాగుండునని అతను అనుకున్నాడు. ఇల్లు చేరాక చెప్పవచ్చు. రేపు చెప్పవచ్చు.

"కిడ్నీయేలే," అన్నాడు.

మోహిని ఇంకేమీ అడగలేదు. కొంగు తల మీదికి లాక్కుంది. కాళ్లు బల్ల మీదికి ముడుచుకుని కిటికీ పక్కకు జరిగింది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. నౌపడ వచ్చింది. ఉప్పు మడులు దాటాయి. పూండిలో దిగేదాకా ఆమె నోరు విప్పలేదు. ఆమె మనసు కుదుటపడిందని అప్పలరాజు అనుకున్నాడు.

డాక్టరు కిడ్నీ మాటే ఎత్తలేదు. ఆ ఉదయం మోహినికి వార్డులో రక్తం ఎక్కిస్తుండగా అప్పలరాజును గదిలోకి పిలిచాడు. కిందటి వారం కెమెరా పరీక్షలో తీసిన ముక్క ఫలితం వచ్చిందన్నాడు. పెద్దపేగులో కుడి పక్క గడ్డ ఉంది. అది క్యాన్సరు. స్కానింగులో లివరుకు పాకినట్టు కనబడలేదు. ఆపరేషను చేసి ఆ ముక్క తీసేయాలి. ఆలస్యం చేయకూడదు. కానీ రక్తం తక్కువగా ఉంది కాబట్టి కొన్నాళ్లు బాగా తినిపించాలి, మాత్రలు వేయాలి. కబురు చేస్తాం, అప్పుడు రండి.

"ఆవిడకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?" అని చివర్లో అడిగాడు.

"నాను సెప్తానండి," అన్నాడు అప్పలరాజు.

బయటకు వచ్చి, గుమ్మం దగ్గర విడిచిన చెప్పుల్లో తనవేవో పోల్చుకోలేకపోయాడు. అక్కడి ఆయా "ఏంటి బాబూ వెతుకుతున్నావు?" అని అడిగితే తప్ప తాను చెప్పుల కోసం నిలబడ్డానన్న సంగతి అతనికి గుర్తు రాలేదు.

ఉద్దానంలో కిడ్నీ కొత్త మాట కాదు. వజ్రపుకొత్తూరు మండలంలో తీరం మీది ఊరు గెడ్డపేట. అక్కడ ఆ జబ్బు రాని వీధి లేదు. ఎవరికైనా కాళ్లు వాస్తే పక్కింటివాళ్లు "ఎంతుంది?" అని అడుగుతారు. రక్తపరీక్షలో వచ్చిన క్రియాటినిన్ అంకె అడగడం అది; అంకె పెరిగేకొద్దీ జబ్బు ముదిరినట్టు. అంకె చెబితే ఏ మందు, ఏ పథ్యం, ఇంకెంతకాలం అన్నది అరుగు మీద కూర్చున్నవాళ్లే తేలుస్తారు. కిడ్నీకి పలాసలో ఆసుపత్రి ఉంది. పింఛను ఉంది. డయాలసిస్‌కు తీసుకెళ్లే ఆటో ఉంది. ఆటోలో మాట్లాడుకోవడానికి మనుషులున్నారు.

క్యాన్సరుకు అవేవీ లేవు. ఊరు ఎరిగినంతలో ఆ జబ్బు వచ్చింది అప్పలనరసమ్మకే. ఆమె చుట్టను నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ తాగేది. అంగిట్లో పుండు లేచింది. ఇంటివాళ్లు పెరట్లో తాటాకు పాక వేసి అందులో ఉంచారు. ఆమె కంచం పాక బయట చూరుకు వేలాడేది. వీధి కుళాయి దగ్గర ఆమె బిందె ఉంటే ఆడవాళ్లు ముట్టుకోకుండా నిలబడేవారు. అది అంటుకునే జబ్బు కాదని ఊరి ఆశా కార్యకర్త చెప్పింది. ఎవరూ కాదనలేదు. బిందెనూ ముట్టుకోలేదు.

రైల్లో మోహిని అడిగినప్పుడు అప్పలరాజుకు కనబడింది ఆ కంచం. అందుకని కిడ్నీ అన్నాడు. మోహిని తమ్ముడు యువరాజు కిడ్నీతోనే పోయాడు. అతన్ని డయాలసిస్‌కు తిప్పింది మోహినే. ఆమె చూసిన జబ్బు, తెలిసిన జబ్బు. కొత్త భయం పెట్టడం కన్నా అది నయం అనుకున్నాడు.

* * *

మర్నాటికి ఊరందరికీ తెలిసింది. తెప్పలు ఒడ్డుకు లాగేచోట సోములు కూర్చుని వల బాగుచేస్తున్నాడు. డయాలసిస్ లేని రోజుల్లో అతని పని అది. ఎడమ చేతి మీద సూదులు గుచ్చే నరం తాడులా లేచి ఉంటుంది. అతని భార్య నూకమ్మ అప్పలరాజుకు పెదనాన్న కూతురు, అతను అప్పా అని పిలిచే అక్క.

"బావా, ఎంతుందంట?" అని అడిగాడు సోములు.

ఈ ప్రశ్న వస్తుందని అప్పలరాజు ఊహించలేదు.

"నాలుగు," అన్నాడు.

"నాలుగేనా! నాకు తొమ్మిదున్నప్పుడు తెప్పేసుకుని ఎల్లేను. సెల్లికి సెప్పు, ఆటోలో డ్రైవరు పక్క సీటు నాది. దాని జోలికి రావొద్దను. మిగతాది ఏటైనా అడగమను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అప్పలరాజూ నవ్వాడు.

సాయంత్రానికి నూకమ్మ వచ్చి మోహిని పక్కన కూర్చుంది. కొబ్బరినీళ్లు తాగొద్దంది. అరటిపండు వద్దంది. పప్పు ఉడికించి ఆ నీళ్లు వార్చేయమంది. ఎండుచేపలు ఇంట్లో ఉంచుకోవద్దంది. నీళ్లు కొలిచి తాగమంది. మోహిని తల ఊపింది. అవన్నీ ఆమెకు తెలుసు.

నూకమ్మ వెళ్లాక మోహిని అటక మీంచి చిన్న చెంబు తీసి చింతపండుతో తోమింది. యువరాజు చెంబు అది. రోజుకు ఆ చెంబెడు నీళ్లే తాగాలని అతనికి ఆసుపత్రిలో చెప్పారు. దప్పికయినప్పుడు అతను చెంబు పట్టుకుని ఊపి, ఎంత మిగిలిందో చప్పుడును బట్టి చూసుకునేవాడు. మోహిని చెంబు నిండా నీళ్లు పట్టి మంచం కింద పెట్టుకుంది.

అప్పలరాజు గుమ్మంలో నిలబడి చూశాడు. చెప్పడానికి నోరు తెరిచాడు. "అన్నం తిన్నావేటి?" అన్నాడు.

ఆ రోజు నుంచి ఆమె తినడం తగ్గింది. అతను కోడిగుడ్లు తెచ్చాడు. మేక కార్జం తెచ్చి తానే వండాడు. కొబ్బరిబొండాం కొట్టి తెచ్చాడు. ఆమె ముట్టుకోలేదు.

"డాక్టరు బాగా తినమన్నాడే."

"ఏ డాక్టరు మావా, కిడ్నీకి తినమన్నోడు? యువరాజుకి నాను ఏటి ఎట్టేనో నాకు తెల్దా?"

"రకత్తం పట్టాలన్నాడు."

"పడతాది. నువ్వు తినీ. పాడవుతాది."

అతను కార్జం కూరతో అన్నం కలుపుకుని ఆమె ఎదురుగా తిన్నాడు. ఆమె చూస్తోందని మింగాడు.

మోహిని మెడ దగ్గర ఎముకలు బయటపడ్డాయి. లేచి నిలబడితే గోడ పట్టుకునేది. అప్పలరాజు చేపల వేటకు వెళ్లడం మానాడు. ఆమె మంచం మీద పడుకుంటే పెరట్లోకి పోయి ఏదో వెతుకుతున్నట్టు తిరిగి, మళ్లీ వచ్చి ఆమె పొట్ట లేస్తోందో లేదో చూసేవాడు. ఆ పొట్టలో కుడి పక్కన ఉందని అతనికి తెలుసు. చీర కుచ్చిళ్ల పైన ఆ చోటు మీదే అతని చూపు పడేది. ఆమె అటు తిరిగితే అతనికి ఊపిరాడేది. కొడుకు మహేష్ దూరాన వేరావల్ రేవులో బోటు మీద పని చేస్తాడు. అతనికి ఫోను చేస్తే కలవలేదు. బోటు సముద్రంలో ఉన్నప్పుడు కలవదు. కలిస్తే ఏం చెప్పాలో అప్పలరాజు అనుకోలేదు. కలవనందుకు కొంత తేలికపడ్డాడు.

తోటివాళ్లు బలవంతం చేస్తే ఒక్కరోజు వేటకు వెళ్లాడు. తెల్లవారి తెప్ప ఒడ్డుకు వస్తుంటే ఎప్పటిలాగే గట్టు వైపు చూశాడు. ఇరవై ఏళ్లకు పైగా మోహిని అక్కడే నిలబడేది, గంప చంకన పెట్టుకుని. చేపలు ఏరుకుని ఆటోలో పూండికో కాశీబుగ్గకో వెళ్లి అమ్ముకొచ్చేది. గంప కనిపించింది. అంచుకు ఎర్ర నైలాను తాడు చుట్టిన గంప, మోహినిదే. పట్టుకున్నది మోహిని కాదు. పక్కవీధి అమ్ములు. కొత్తగా పెళ్లయి వచ్చిన పిల్ల.

"నీకెక్కడిదే ఆ గంప?" అప్పలరాజు ఇంకా నీళ్లలోనే ఉన్నాడు.

"అత్త ఇచ్చీసింది మావా. ఉంచుకోమంది. తక్కెడ కూడా ఇచ్చింది." అమ్ములు గంప దించింది. "ఏటి, నీకు సెప్పలేదేటి?"

అప్పలరాజు వల దించడం వదిలేసి ఇంటివైపు నడిచాడు. నడక పరుగైంది. మోహిని గుమ్మంలో కూర్చుని చెంబు ఊపి చూసుకుంటోంది. అతను వగరుస్తూ నిలబడితే తల ఎత్తింది.

"ఏటయింది? సేపలు పడలేదా?"

"గంప ఎందుకిచ్చీసేవు?"

"నానేటి సేసుకుంటాను?" అంది మోహిని.

* * *

ఆసుపత్రి నుంచి ఫోను వచ్చింది. సోమవారం మంచం ఇస్తామన్నారు. ఆపరేషనుకు రక్తం ఇచ్చేవాళ్లను ఇద్దరిని తీసుకురమ్మన్నారు.

మోహినితో విశాఖ వెళ్లాలని మాత్రమే అన్నాడు.

"విశాపట్నం ఏల? మిషను పలాసలో నేదా?"

"పెద్ద డాక్టరు మళ్లీ సూత్తాడంట."

"నాను రాను. విశాపట్నవూ రాను, పలాసా రాను. యువరాజుని ఆ మంచం మీద సూసేను. ఆడు నాకేటి సెప్పేడో తెలుసా? అప్పా, సాలు, ఇంక తీసుకెల్లొద్దు అన్నాడు. నాను ఇనలేదు. సివరి దాకా తీసుకెల్లేను. నన్ను నువ్వు అలగ తిప్పకు మావా. కూకున్న సోట పోనీ."

గొంతు పెంచలేదు. చేపల బేరం తెగ్గొట్టినట్టు చెప్పింది. రైల్లో కిటికీ పక్కకు జరిగినప్పుడే ఆమె ఈ నిర్ణయం తీసుకుందని అప్పలరాజుకు అర్థమైంది. అక్కడే నేల మీద కూర్చున్నాడు. సోమవారానికి నాలుగు రోజులుంది.

అయినా రక్తం కోసం అడగాలి. తెప్పల దగ్గర ఉన్నవాళ్లను అడిగాడు. సోములు వల మీంచి తల ఎత్తాడు.

"ఆపరేషనా? కిడ్నీ మారుత్తారేటి? ఇచ్చినోడెవుడు బావా? ఇన్నాళ్లుగా నాను సెయ్యి సాపుక్కూకుంటే నాకివ్వని కిడ్నీ మా సెల్లికెవుడిచ్చినాడు?"

అందరూ నవ్వారు. నూకమ్మ నవ్వలేదు. మొగుడికి గంజి తెచ్చి నిలబడి ఉంది. అప్పలరాజు ముఖం చూసింది.

"తమ్ముడా, రేపు ఆటోలో మాతోపాటు రా. పనుంది," అంది.

మర్నాడు పలాస ఆసుపత్రిలో సోములును లోపలికి పంపాక నూకమ్మ వరండా చివర గోడ పక్కన చాప పరిచింది. అది ఆమె చోటు. చాప, ఫ్లాస్కు, చేతిసంచి. పక్కనే మరికొందరు ఆడవాళ్లు కూర్చున్నారు. ఒకామె చిక్కుళ్లు ఒలుస్తోంది. ఒకామె గోడకు ఆనుకుని నిద్రపోతోంది. నూకమ్మ వాళ్లకు దూరంగా జరిగి కూర్చుని, అప్పలరాజును కూర్చోమంది.

"ఇప్పుడు సెప్పు. దానికేటి?"

"కిడ్నీయే అప్పా."

"నాలుగున్నోళ్లకి ఏ డాక్టరూ ఆపరేసన్ను సెయ్యడు. నువ్వు అబద్దం ఆడతన్నావు. నాతో ఆడితే ఆడు, పరవాలేదు. దాంతో ఆడకు."

అప్పలరాజు నేలవైపు చూశాడు. లోపల మిషన్ల చప్పుడు వినబడుతోంది. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ మాట అతను ఇంతవరకూ పైకి అనలేదు. తెప్ప మీద ఒక్కడే ఉన్నప్పుడు కూడా అనలేదు.

"కేన్సరు," అన్నాడు. "పేగులో."

నూకమ్మ కదల్లేదు. అతను ఆమె చేతుల్నే చూస్తున్నాడు. ఇద్దరి మధ్య చాప మీద టీ గ్లాసులున్నాయి. ఆమె తన గ్లాసు పక్కకు తీసుకుంటుందేమోనని చూశాడు. ఆమె ఆ చూపును కనిపెట్టింది.

"గళాసు సూత్తన్నావేటి? అప్పలనరసమ్మ బిందెని ముట్టుకోనోళ్లలో నానూ ఉన్నాను. ఇప్పుడూ భయమే నాకు. కాదని సెప్పను." ఫ్లాస్కు మూత తిప్పి అతని గ్లాసులో టీ పోసింది. మిగిలింది తన గ్లాసులో పోసుకుంది. "తాగు. ఆపరేసన్ను సేత్తే జబ్బు పోతాదన్నాడా?"

"లివరుకి పాకలేదన్నాడు. బేగి తీసేత్తే... ఆలీసం సెయ్యొద్దన్నాడు. అది రానంటంది అప్పా. తినదు. నీళ్లు తాగదు. గంప ఇచ్చీసింది."

"ఎందుకు తాగుతాది? నువ్వు కిడ్నీ అన్నావు. నాను ఎల్లి నీళ్లు కొలుసుకోమన్నాను." నూకమ్మ గొంతు మారింది. "దానికి భయం తగ్గాలని కిడ్నీ అన్నావా? ఓరి నాయనా. దానికి ఈ లోకంలో ఒక్కటే భయం, కిడ్నీ. తమ్ముడి సావు తీసి దాని సేతిలో ఎట్టేవు కదరా."

అప్పలరాజు ఏడ్చాడు. చిక్కుళ్లు ఒలిచే ఆమె ఇటు చూసి, మళ్లీ తల దించుకుంది. అక్కడ మగవాళ్లు ఏడవడం ఆమెకు కొత్త కాదు. నూకమ్మ అతన్ని ఆపలేదు, ఊరుకోమనలేదు. ఏడుపు దానంతట అది ఆగాక అడిగింది.

"విశాపట్నంలో నీతో ఎవులుంటారు?"

"ఎవులూ నేరు."

"నానొత్తాను. సోమారం డయాలసీసుకి మీ బావని అమ్ములు తీసుకెల్తాది. ఊరికే గంప తీసుకుంది కదా, ఆపాటి సెయ్యనీ. రకత్తానికి మా అన్నదమ్ముల్ని నాను అడుగుతాను. వండుకోడానికి స్టవ్వు ఒకటి అట్టుకెల్దాం. ఇయన్నీ నా పని. నీ పని ఒకటుంది. అది నాను సెయ్యను."

"తిడతాది."

"తిట్టించుకో."

* * *

మోహిని గుమ్మంలోనే ఉంది. అప్పలరాజు ఆమె ఎదురుగా కూర్చున్నాడు. ఏ మాటతో మొదలుపెట్టాలో ఆటోలో అనుకుంటూ వచ్చాడు. అదేదీ గుర్తు లేదు.

"నీకు కిడ్నీ కాదే."

మోహిని చూసింది.

"మరేటి?"

"కేన్సరు."

ఆమె అరుస్తుందని, పడిపోతుందని అతను చెయ్యి ముందుకు చాపాడు. ఆమె ఆ చేతిని చూసింది.

"ఎక్కడ?"

"పెద్దపేగు. కుడి పక్క."

మోహిని తన చెయ్యి అక్కడ పెట్టుకుంది. కొన్నాళ్లుగా నొప్పి వస్తున్నది అక్కడే.

"కోత్తారా?"

"కోసి తీసేత్తారంట. సోమారం."

"తీసేత్తే? మళ్లీ మళ్లీ ఎల్లక్కర్లేదా? మిషనుందా దానికి?"

"మిషను నేదు. కోసేక మందు ఎక్కించాలో ఒద్దో అప్పుడు సెప్తాడంట."

"కిడ్నీ కాదు," అంది మోహిని. ప్రశ్నలా అనలేదు. పక్కనున్న చెంబు ఎత్తి అతని మీదికి విసిరింది. భుజానికి తగిలి, నీళ్లు చొక్కా మీద పడ్డాయి. "నీ నోరు పడిపోను! నాలిక ఎండిపోయి సత్తన్నాను. రోజూ లెక్కెట్టుకుని తాగతన్నాను. ఎదురుగా కూకుని సూసేవు కదా! నీకు సెయ్యడానికి ఏ పనీ నేక ఇదా సేసేవు?"

అతను లేచి కుండలోంచి పెద్ద గ్లాసుతో నీళ్లు ముంచి తెచ్చాడు. ఆమె తాగింది. గ్లాసు మళ్లీ చాపింది. రెండోది తాగుతుంటే మధ్యలో ఆగింది.

"నాను బతుకుతానా మావా?"

బతుకుతావు అనడానికి అతని నోరు సిద్ధమైంది. అదే నోరు రైల్లో కిడ్నీ అంది.

"తెల్దే," అన్నాడు. "డాక్టరూ సెప్పలేదు. బేగి తీసేత్తే మంచిది అన్నాడు. అంతే అన్నాడు."

మోహిని గోడకు ఆనుకుంది. ఇప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే అంది.

"ఇంకోసారి డాక్టరు ఏటన్నా ముందు నాకు సెప్పాలి. ఆడు అన్నది అన్నట్టు. ఒక మాట నువ్వు కలపకూడదు, ఒక మాట తియ్యకూడదు. ఒట్టెయ్యి."

అతను ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

ఊరికి ఆమే చెప్పింది. మర్నాడు పొద్దున గోడలు పట్టుకుంటూ తెప్పల దగ్గరికి వెళ్లింది. "నాకు కిడ్నీ కాదు, కేన్సరు. సోమారం కోత్తన్నారు," అంది. ఆమె పక్కన నిలబడ్డ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు అడుగు వెనక్కి వేశారు. అమ్ములు గంప దించి, దాన్ని ముట్టుకోవచ్చో లేదో తెలియనట్టు చేతులు కొంగుకు తుడుచుకుంది.

సోములు వల వదిలేశాడు. "నాలుగు అన్నాడు నీ మొగుడు! అంకె కూడా సెప్పేడు! ఇలాంటోడితో ఇన్నాళ్లు ఎలగ తెప్పెక్కేను నాను!" అన్నాడు. ఈసారి నవ్వినవాళ్లు తక్కువ. అతను తన పక్కన ఇసుక మీద చేత్తో తట్టాడు. "కూకో సెల్లీ. నిలబడకు." మోహిని కూర్చుంది.

* * *

సోమవారం మోహినిని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. రక్తం ఇంకా తక్కువగానే ఉందని డాక్టరు అప్పలరాజును నిలదీశాడు. "నెల దాటింది. ఏం తినిపించారు?" అప్పలరాజు తల దించుకున్నాడు. మళ్లీ రక్తం ఎక్కించి, గురువారం ఆపరేషను గదిలోకి తీసుకెళ్లారు. చక్రాల మంచం తలుపు దాటే ముందు మోహిని భర్త వైపు చూసి వేలు చూపించింది. ఒట్టు గుర్తుంచుకోమన్నట్టు.

నూకమ్మ వరండాలో గోడ పక్కన చాప పరిచింది. ఫ్లాస్కు పెట్టింది. పలాసలో కూర్చున్నట్టే కూర్చుంది. అప్పలరాజు కూర్చోలేకపోయాడు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ముందుకు వెళ్లాడు. నర్సులు వేరే పేర్లు పిలిచారు. ఒక పేరుకు లేచిన కుటుంబం లోపలికి వెళ్లి ఏడుస్తూ బయటికి వచ్చింది. అప్పలరాజు గోడ పట్టుకున్నాడు.

"నాను తినిపించలేదు అప్పా. రకత్తం సాలక ఏదైనా అయితే..."

"కూకో."

"అయితే నానే సంపినట్టు."

"అయితే అప్పుడేడుద్దాం. ఇద్దరం ఏడుద్దాం. ఇప్పుడు కూకో. కాళ్లు పడిపోతే లోపలికెల్లి సూసేదెవులు?"

అతను చాప మీద కూర్చున్నాడు. ఆమె అతని మోచెయ్యి పట్టుకుని కూర్చుంది. మధ్యలో ఫోను మోగితే ఎత్తి, "అమ్ములూ, ఆయన నీళ్లు ఎక్కువ తాగేడేటి? సూసుకో. దొంగ," అని పెట్టేసింది.

"మోహిని తాలూకు ఎవరు?"

అప్పలరాజు లేవలేకపోయాడు. నూకమ్మ లేపింది.

డాక్టరు మాస్కు కిందికి లాగి మాట్లాడాడు. అప్పలరాజు ఒక్కో మాటకూ పెదవులు కదిపాడు. గడ్డ మొత్తం తీశాం. పేగు కలిపి కుట్టాం. పక్కనున్న గ్రంథులు కూడా తీశాం. వాటిలో రెండు నాకు నచ్చలేదు. పరీక్షకు పంపాం. రిపోర్టు వచ్చాక మందు ఎక్కించాలో లేదో చెబుతాం. ఈ రెండు రోజులు జాగ్రత్త.

డాక్టరు వెళ్లాక అప్పలరాజు నూకమ్మ వైపు తిరిగాడు. "రెండు నచ్చలేదన్నాడు. ఆ మాట ఇయ్యాల సెప్పాలా? తేరుకున్నాక..."

నూకమ్మ అతన్ని చూస్తూ ఊరుకుంది.

సాయంత్రం ఇద్దరినీ లోపలికి వదిలారు. నూకమ్మ తలుపు దగ్గరే ఆగిపోయింది. మోహిని ముక్కులో గొట్టం ఉంది. చేతికి సీసా తగిలించి ఉంది. పెదవులు పగిలి ఉన్నాయి. కళ్లు తెరిచి అతన్ని పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది.

"ఏటన్నాడు?"

అప్పలరాజు మంచం కడ్డీ పట్టుకున్నాడు.

"గడ్డ మొత్తం తీసేమన్నాడు. పేగు కలిపి కుట్టేమన్నాడు. పక్కన గ్రందులు కూడా తీసేమన్నాడు." ఆగాడు. కడ్డీ గట్టిగా పట్టుకున్నాడు. "ఆటిల్లో రెండు నాకు నచ్చలేదన్నాడు. పరీక్షకి పంపేరు. అది వొచ్చేక మందు ఎక్కించాలో నేదో సెప్తాడంట. ఈ రెండ్రోజులు జాగర్త అన్నాడు."

మోహిని పైకప్పు వైపు చూసింది. కంటి పక్క నుంచి నీరు చెవిలోకి జారింది. అతను తుడిచాడు.

"నీళ్లియ్యి," అంది.

"ఇయ్యాల ఇవ్వకూడదంట. పేగు కుట్టేరు కదా. దూదితో పెదాలు తడపమన్నారు."

మోహిని అతని ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. తరవాత మెల్లగా తల తిప్పి తలుపు దగ్గరున్న నూకమ్మను వెతుక్కుంది.

"ఒదినా," అంది. "నిజమేనా?"

"నిజమే," అంది నూకమ్మ.

మోహిని కళ్లు మూసుకుంది. అప్పలరాజు దూది తడిపి ఆమె పెదవుల మీద పెట్టాడు.